చీటీ మీద ఎవరి పేరు: వలస ప్రదర్శనలను పాలమూరు నుంచి చదవడం

వలస, అస్తిత్వం అనే రెండు మాటలను కలిపి పెట్టిన కళా ప్రదర్శనలు ఇప్పుడు పెద్ద నగరాల్లో తరచుగా కనబడుతున్నాయి. 2024లో జరిగిన వెనిస్ బియెనాలేను, అంటే సమకాలీన కళలో ప్రపంచమంతా ఎదురుచూసే ఆ పెద్ద ప్రదర్శనను, బ్రెజిల్‌కు చెందిన క్యూరేటర్, అంటే ప్రదర్శనలో ఏముండాలో ఎంచి కూర్చే మనిషి, అడ్రియానో పెద్రోసా మొత్తంగా పరదేశుల చుట్టూనే అల్లాడు. అయితే ఇలాంటి ప్రదర్శన చూసిన సామాన్య ప్రేక్షకుడు చాలాసార్లు అయోమయంతోనే బయటికి వస్తాడు. గోడ మీద మ్యాపులు, నేల మీద పాత సూట్‌కేసులు, చీకటి గదిలో ఒక వీడియో, పక్కన నాలుగు పేరాల వివరణ ఉంటాయి. అన్నీ వలస గురించేనని తెలుస్తుంది గానీ, అది ఎవరి వలస, ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు అన్నది మాత్రం తేలదు. మహబూబ్‌నగర్, నారాయణపేట, దేవరకొండ వైపు నుంచి వచ్చిన ప్రేక్షకుడికి ఈ అయోమయం ఇంకాస్త ఎక్కువ. వాళ్ల ఇళ్లలో వలసపోయినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, అయినా గోడ మీద ఉన్న వలసలో తమవాళ్ల జాడ కనబడదు.

ఈ చిక్కును విప్పడానికి బొమ్మ కంటే ముందు బొమ్మ పక్కన అంటించిన చిన్న చీటీని చదవాలని నా అభిప్రాయం. ఆ చీటీకి అన్ని గ్యాలరీల్లోనూ ఇంచుమించు ఒకే కట్టుబాటు ఉంది. మొదటి వరుసలో కళాకారుడి పేరు, దాని కింద కృతి పేరు, చేసిన సంవత్సరం, తరువాత వాడిన సామగ్రి, కొలతలు, చివర అది ఎవరి సౌజన్యంతో వచ్చిందో, అంటే ఎవరి సొత్తో. చేసినవాడికీ, కొన్నవాడికీ అందులో చోటు ఉంది. బొమ్మలో ఉన్న మనిషికి లేదు. రాజుగారి చిత్తరువైతే ఆయన పేరే కృతి పేరు అవుతుంది కనుక ఆ లోటు తెలియదు. కూలిమనిషి బొమ్మకు ‘కూలిమనిషి’ అన్నదే పేరుగా మిగులుతుంది.

దీని పర్యవసానం ఎంత దూరం పోతుందో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. 1936లో కాలిఫోర్నియాలో, బఠానీ కోతకు వచ్చి పంట పాడైపోవడంతో పని లేక గుడారాల్లో ఆగిపోయిన కూలీల దగ్గరికి, అమెరికా ప్రభుత్వ సంస్థ తరఫున తిరుగుతున్న ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ వెళ్లి, ఒక తల్లినీ, ఆమె భుజాల వెనక ముఖాలు దాచుకున్న పిల్లలనూ ఫొటో తీసింది. ‘వలస తల్లి’ అన్న పేరుతో ఆ ఫొటో లోకమంతా తిరిగింది, మ్యూజియాల్లోకి ఎక్కింది, ఆ దశాబ్దపు కరువుకు ముఖంగా నిలిచింది. లాంగ్ మాత్రం ఆమె పేరు అడగలేదు. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే నలభై రెండేళ్ల తరువాత. ఆమె చెరోకీ ఆదివాసీ మూలాలున్న మనిషి. కరువులో చితికిపోయిన తెల్లజాతి రైతు కుటుంబాలకు గుర్తుగా దేశం గుండెకు హత్తుకున్న ముఖం, ఆ దేశం తన నేల మీద నుంచి ఏనాడో తరిమేసిన జాతి ఆడబిడ్డది. ఆ ఫొటో వల్ల తనకు పైసా దక్కలేదన్న బాధను కూడా ఆమె దాచుకోలేదు. చీటీలో ఒక పేరు లేకపోవడం వల్ల పోయింది మర్యాద ఒక్కటే కాదు. ఏ వలసను చూస్తున్నామన్న సమాచారమే తలకిందులైంది.

పేరు ఇలా జారిపోవడానికి ఏ ఒక్కరి నిర్లక్ష్యాన్నో తప్పుపట్టి లాభం లేదు, గ్యాలరీ పనిచేసే తీరులోనే అందుకు వీలుంది. మన దగ్గర గ్యాలరీ అంటే నిజానికి వేర్వేరు ఏర్పాట్లు. బంజారాహిల్స్ వైపు ఎక్కువగా కనబడే ప్రైవేటు గ్యాలరీలు కళాకారుల పనిని చూపి, అమ్మి, ధరలో దాదాపు సగం దాకా వాటాగా తీసుకుంటాయి. ఈ రంగంలో అది మామూలు లెక్కే. మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ప్రభుత్వానిది. లామకాన్ లాంటివి నాటకానికీ, చర్చకూ, ప్రదర్శనకూ తలుపు తెరిచి పెట్టిన వేదికలు. ఒకే ఫొటో మొదటి చోట సరుకు, రెండో చోట ప్రజల సొత్తు లాంటిది, మూడో చోట వాదనకు ఆధారం. ప్రదర్శన ఎక్కడ జరుగుతోందో తెలియకుండా అందులోని రాజకీయం గురించి మాట్లాడుకోవడంలో అర్థం లేదు.

అన్నింటికీ సామాన్యమైనది తెల్ల గోడ. గది నిండా తెలుపు, కిటికీ ఉండదు, వెలుతురు పై నుంచి పడుతుంది, వస్తువుకూ వస్తువుకూ మధ్య చాలా ఖాళీ ఉంటుంది. పడమటి మ్యూజియాల్లో గత శతాబ్దం మొదటి సగంలో స్థిరపడిన ఈ పద్ధతిని బ్రయన్ ఓడోహర్టీ అనే ఐరిష్ కళాకారుడు, విమర్శకుడు 1976లో రాసిన వ్యాసాల్లో విప్పి చూపించాడు. ఆ గది వస్తువును దాని ఊరి నుంచి, దాని కాలం నుంచి విడదీసి, ‘దీన్ని కళగా చూడు’ అని చెబుతుంది. ఒక ఇనుప తట్టను అలాంటి గదిలో నడుమ పెడితే దాని అంచు వంకర, అడుగున అతుక్కుపోయిన సిమెంటు పొర, పట్టుకునే చోట నున్నగా మెరిసే ఇనుము మనకు మొదటిసారి కనబడతాయి, అందులో సందేహం లేదు. కానీ దాన్ని ఎవరు మోశారు, రోజుకు ఎన్ని అంతస్తులు ఎక్కించారు, దాని కింద నెత్తి మీద ఉన్న చుట్టబట్ట ఏ చీర చింపినది అన్న సంగతులు ఆ తెలుపులో కరిగిపోతాయి. చీటీలో ‘ఇనుము, సిమెంటు, కొలతలు మారవచ్చు’ అని ఉంటుంది.

వలసకు గుర్తుగా గ్యాలరీలు సూట్‌కేసును ఎంచుకోవడం కూడా ఈ అలవాటులో భాగమే. సరిహద్దులు దాటి, ఓడలో, విమానంలో వెళ్లినవారి వలసకు అది సరిపోతుంది. శిల్పి సుబోధ్ గుప్తా గల్ఫ్ నుంచి తిరిగివచ్చే కూలీల తాళ్లు బిగించిన మూటలనూ, అవి పేర్చిన విమానాశ్రయం బండినీ అల్యూమినియంలో పోతపోసినప్పుడు, కరీంనగర్, జగిత్యాల వైపు వారికి ఆ మూట తమదేనని తెలిసి ఉండేది. దక్షిణ తెలంగాణ వలస ఆ మూట కూడా లేనిది. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు నుంచి బయలుదేరే బొంబాయి బస్సులో సామానంటే యూరియా సంచి. దాని మీద అచ్చయి ఉండేది ఎరువుల కంపెనీ పేరు, నాలుగు ఉతుకులకు అదీ సగం చెరిగిపోతుంది. లోపల బియ్యమో జొన్నపిండో, గిన్నెలు, ఒక దుప్పటి. అన్నీ ఒకేలా ఉన్న సంచుల్లో తనది ఏదో మూతి కుట్టిన దారం రంగును బట్టి, ముడి వేసిన తీరును బట్టి గుర్తుపట్టాలి. అస్తిత్వం గురించి ఒక ప్రదర్శన పెట్టదలిచిన క్యూరేటర్‌కు ఆ ముడి కంటే మంచి వస్తువు దొరకదని నేను అనుకుంటాను.

క్యూరేటర్ గురించి కూడా ఇక్కడే ఒక మాట. ఏ కృతి లోపలికి రావాలి, దేని పక్కన ఏది ఉండాలి, ప్రవేశద్వారం దగ్గరి పెద్ద వివరణలో ఏముండాలి అన్నది నిర్ణయించేది ఆ మనిషే. మనకు అర్థం కాని ప్రదర్శనల్లో చాలావాటికి కారణం కళాకారుడి పని కాదు, కళాశాలల్లో నేర్చిన పరిభాషతో నిండిన ఆ గోడరాత.

ముఖం, గొంతు, పేరు

పేరు రాస్తే సరిపోతుంది, ముఖం చూపితే న్యాయం జరిగిపోతుంది అనుకోవడం తొందరపాటు. వలస మీద వచ్చిన గొప్ప కృతుల్లో కొన్నింటిలో ముఖమే ఉండదు.

అమెరికా దక్షిణాది నుంచి నల్లజాతి కుటుంబాలు లక్షల సంఖ్యలో ఉత్తరాది పారిశ్రామిక నగరాలకు తరలివెళ్లిన కథను చిత్రకారుడు జేకబ్ లారెన్స్ 1940–41లో 60 చిన్న పలకల మీద బొమ్మలుగా గీశాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. అతని తల్లిదండ్రులు కూడా అలా వెళ్లినవారే. అన్ని పలకలనూ ఒకేసారి పరచుకుని ఒక రంగు తరువాత ఇంకొక రంగు వేసుకుంటూ పోవడం వల్ల 60 బొమ్మలూ ఒకే శ్వాసలో చెప్పినట్టు ఉంటాయి. వాటిలో చాలామటుకు మనుషులకు కళ్లూ ముక్కూ స్పష్టంగా ఉండవు. స్టేషన్లో గుంపు, మెట్ల మీద గుంపు, మూటలతో వంగిన వీపులు, అంతే. కానీ ప్రతి పలక కిందా లారెన్స్ ఒక వాక్యం రాశాడు: ఎందుకు వెళ్లారు, కూలి ఎంత దొరికింది, అక్కడ ఇళ్లు ఎలా ఉన్నాయి. వ్యక్తుల పేర్లు లేకపోయినా ఆ గుంపు ఏ గుంపో, ఏ కారణంతో కదిలిందో సందేహం లేకుండా చెప్పే చీటీ అది, గుంపులోని మనిషి రాసినది. ఇప్పుడు ఆ పలకల్లో బేసి సంఖ్యవి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్‌లో, సరి సంఖ్యవి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉన్నాయి. వలస కథ కూడా రెండు ఊళ్ల మధ్య చీలిపోయింది.

మొరాకో మూలాలున్న కళాకారిణి బుష్రా ఖలీలీ 2008 నుంచి 2011 దాకా చేసిన ఎనిమిది వీడియోల పద్ధతి మరొకటి. తెర నిండా ఒక మ్యాపు, దాని మీద మార్కర్ పట్టుకున్న ఒక చేయి. ఆ చేయి తన ప్రయాణాన్ని గీసుకుంటూ పోతుంది, గొంతు వివరిస్తుంది: ఇక్కడి నుంచి ఇక్కడికి పడవలో, ఇక్కడ పట్టుబడ్డాను, ఇక్కడికి తిప్పి పంపారు, మళ్లీ బయలుదేరాను. ముఖం కనబడదు, కనబడితే పోలీసులకు ఆధారం అవుతుంది. పేరు లేకపోవడం ఇక్కడ రక్షణ. దేశాలు ముద్రించిన సరిహద్దుల మీదుగా ఒక మనిషి తన గీత తాను గీసుకోవడం చూస్తుంటే, జాలి పడడానికి మనకు తీరిక దొరకదు. దారిని అనుసరించడమే పనవుతుంది. వలస మీద నేను చదివిన, చూసిన కృతుల గురించి ఎవరైనా అడిగితే ముందుగా దీన్నే చెబుతాను.

వీటికి ఎదురుగా 2019 వెనిస్ బియెనాలేలో కళాకారుడు క్రిస్టఫ్ బ్యూచెల్ పెట్టిన ఓడను ఉంచి చూడవచ్చు. 2015 ఏప్రిల్ 18న లిబియాకూ ఇటలీకీ మధ్య మునిగి వందలాది వలసదారుల ప్రాణాలు తీసిన అసలు ఓడనే తెచ్చి, ప్రదర్శన ఆవరణలో నీటి ఒడ్డున, ఒక కాఫీ దుకాణం పక్కన నిలబెట్టారు. దగ్గర చీటీ లేదు. తెలియనివాళ్లు దాని ముందు సెల్ఫీలు దిగారు. వివరణ ఇవ్వకపోవడమే కృతి ఉద్దేశమని సమర్థించినవారు ఉన్నారు; నిర్లక్ష్యంగా చూసే మనల్ని అది మనకే పట్టించింది అన్నారు. ఆ వాదన నాకు మింగుడుపడలేదు. చచ్చిపోయినవారిని ప్రేక్షకుడి తప్పు ఎత్తిచూపడానికి సాధనంగా వాడుకోవడంలో, వాళ్లు ఎవరన్న ప్రశ్న మళ్లీ వెనక్కి పోయింది.

ముఖం ఉండి పేరు లేని లాంగ్, ముఖమూ పేరూ లేకుండా కారణం చెప్పిన లారెన్స్, ముఖం దాచి గొంతు నిలిపిన ఖలీలీ, ఇవేవీ లేకుండా వస్తువును మాత్రమే తెచ్చిన బ్యూచెల్. తన గురించి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న నిర్ణయంలో వలసపోయిన మనిషికి వాటా ఉందా లేదా అన్న దగ్గరే వీటి మధ్య తేడా అంతా ఉంది.

పాలమూరు కూలికి గుర్తింపు ఎక్కడ దొరుకుతుంది

ఇక ఇదే ప్రశ్నను మన నేల మీదికి తెస్తే, గ్యాలరీలు మాట్లాడే అస్తిత్వానికీ ఇక్కడి కూలికి అవసరమైన గుర్తింపుకూ మధ్య ఎడం కనబడుతుంది. ప్రదర్శనల్లో అస్తిత్వమంటే ఎక్కువగా రెండు సంస్కృతుల నడుమ నలిగే మనసు: నేను ఎవరిని, నా భాష ఏది, నా ఇల్లు ఎక్కడ. తాను పుట్టిన అలీగఢ్ ఇంటి నేలపటాన్ని జీవితాంతం మళ్లీ మళ్లీ చెక్కి అచ్చువేసిన కళాకారిణి జరీనా హష్మీ పనిలో ఈ వేదన ఎంతో నిండుగా ఉంది, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ ఆరు నెలలు పుణేలో, ఆరు నెలలు ఊళ్లో ఉండే మనిషి సమస్య ఇది కాదు. తాను ఎవరో అతనికి బాగా తెలుసు. తెలియనిది కాంట్రాక్టరుకు, రేషన్ దుకాణానికి, కొత్త ఊరి ఆసుపత్రికి.

పాలమూరు వలస ఒంటరి వలస కాదు, గుంపు వలస. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి, పది ఇరవై మందిని కూడగట్టి, పని చోటికి తీసుకుపోతాడు. లెక్క అతని పుస్తకంలో ఉంటుంది, కాంట్రాక్టరు మాట్లాడేది అతనితోనే, గుంపుకు పిలుపు అతని పేరే. భార్యాభర్తలిద్దరూ పనిచేసినా వాళ్లను ఒక జతగా లెక్కవేసుకునే అలవాటు వల్ల ఆడమనిషి పేరు రెండోసారి కూడా మరుగవుతుంది. నిజాం కాలం నుంచి మొదలుకొని ఆనకట్టలు, కాలువలు, సొరంగాలు, రైలు కట్టలు ఎక్కడ పడితే అక్కడికి ఇలాగే వెళ్లారు. 1955లో పునాది పడిన నాగార్జునసాగర్‌ను యంత్రాల మీద కంటే మనుషుల మీద ఎక్కువ ఆధారపడి, రాతితో 124 మీటర్ల ఎత్తుకు కట్టారు. శంకుస్థాపన ఫలకం మీద నెహ్రూ పేరు ఉంది.

ఆ గుంపులన్నింటికీ కలిపి బయటి లోకం పెట్టిన పేరు ‘పాలమూరు లేబర్’. ఈ ఊరు 1890లో ఆరో నిజాం పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. 2016లో జిల్లా నాలుగు ముక్కలైంది, 2019లో నారాయణపేట కూడా వేరుపడి అయిదైంది. వనపర్తి కూలి అయినా, మక్తల్ కూలి అయినా అడ్డా మీద నిలబడితే ఈనాటికీ పాలమూరు లేబరే. బొంబాయికి అంతకుముందు తరాల్లో వెళ్లిన తెలుగు కూలీలను ఆ నగరం కామాటీలని పిలిచింది, వాళ్లు స్థిరపడిన పేటకు కామాటిపుర అన్న పేరు మిగిలింది. ఆ పేట ఇప్పుడు వేశ్యావాటికగా ప్రసిద్ధం. దానికి పేరునిచ్చిన రాళ్లెత్తిన కూలీలు మాత్రం ఎవరికీ గుర్తు లేరు.

చట్టం ఈ లోటును ఊహించకపోలేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు ప్రతి కూలికీ ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలి. అందులో పని చోటు, కూలి రేటు, ఇచ్చిన అడ్వాన్సు, పట్టిన కోత రాయాలి. కాగితం మీద చూస్తే, వలసమనిషికి అంతకంటే మంచి చీటీని ఏ మ్యూజియమూ రాయలేదు. అమలులో ఆ పుస్తకాన్ని కళ్లజూసిన కూలీలు అరుదు. పైగా ఆ చట్టం రాష్ట్రం దాటినవారికే వర్తించింది గనుక, మహబూబ్‌నగర్ నుంచి వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు వచ్చి అంతస్తుల మీద అంతస్తులు లేపినవారు దాని లెక్కలోకే రాలేదు. ఇప్పుడది 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిసిపోయింది.

పుస్తకం బదులు వేలిముద్ర వచ్చింది. ఒకప్పుడు మస్టరులో సంతకం రానివాడి గుర్తు వేలిముద్ర. ఆధార్ వచ్చాక చదువు వచ్చినవాడికీ రానివాడికీ అదే గుర్తు. దీనిలో ఉన్న చిక్కు ఏమిటంటే, సిమెంటు కలిపే చేతులకు, రాయి కొట్టే చేతులకు, ఇటుక మోసే చేతులకు వేళ్ల కొనలు అరిగిపోతాయి. యంత్రం మీద బొటనవేలు పెడితే సరిపోలలేదంటుంది. కొబ్బరినూనె రాసి, తుడిచి, ఇంకో వేలు, మళ్లీ ఇంకో వేలు పెట్టి చూడాలి. మనిషి ఎవరో రుజువు చేసే గీతను ఆ మనిషి పనే చెరిపేసింది. సమకాలీన కళలో అస్తిత్వం గురించి ఎన్నో గంభీరమైన మాటలు చదివాను గానీ, రేషన్ దుకాణం ముందు జరిగే ఈ చిన్న సంగతిలో ఉన్నంత సారం వాటిలో నాకు దొరకలేదు.

తండాల దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇంకా ముదురుతుంది. దక్షిణ తెలంగాణ వలసలో లంబాడాల సంఖ్య పెద్దది. 1976 నుంచి తెలంగాణలో వాళ్లు షెడ్యూల్డు తెగ. నారాయణపేట దాటి కర్ణాటకలో అడుగుపెడితే అదే జనం షెడ్యూల్డు కులం జాబితాలో ఉంటారు, మహారాష్ట్రకు పోతే విముక్త జాతుల్లో. ఒకే గోర్ మాట, అంటే లంబాడీ భాష, ఒకే పండుగలు, ఒకే వంశాల పేర్లు, సగం రోజు బస్సు ప్రయాణంలో మూడు చట్టబద్ధమైన గుర్తింపులు. పోనీ తన రాష్ట్రపు గుర్తింపును వెంట తీసుకుపోవచ్చా అంటే అదీ కుదరదు: ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయికి తరలివెళ్లిన ఒక గిరిజన కుటుంబపు విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రంలోని షెడ్యూల్డు హోదా వలసవెళ్లిన రాష్ట్రంలో చెల్లదని తేల్చింది. ఖలీలీ వీడియోలోలాగా తండా మనిషి ఒకరు మ్యాపు మీద తన దారి గీస్తే, రాష్ట్ర సరిహద్దు దాటిన ప్రతిచోటా ఆ గీత రంగు మారాల్సి ఉంటుంది.

కదలని ఊరి బొమ్మ

ఇంత సరుకు ఉండి కూడా తెలంగాణ చిత్రకళలో వలస ఎందుకు పలచగా ఉంది? పాటలో పాలమూరు వలసకు దొరికిన చోటు బొమ్మలో దొరకలేదన్నది ఎవరైనా ఒప్పుకునే సంగతి. నా దృష్టిలో దీనికి బజారు ఒక కారణం. హైదరాబాదు గ్యాలరీలలో తెలంగాణ అంటే ముందుగా గుర్తొచ్చేది పెద్ద బొట్టు, గాఢమైన రంగుల చీర, చేతిలో చిలుక, తలపాగా ఉన్న పల్లెమనిషి. చిత్రకారుడు తోట వైకుంఠం చేతిలో ఆ మనుషులకు వచ్చిన నిండుతనం కాదనలేనిది, దాన్ని అనుకరించినవారి సంఖ్య కూడా తక్కువ కాదు. ఆ బొమ్మల్లో ఊరు స్థిరంగా, సమృద్ధిగా ఉంటుంది. నగరంలో ఇల్లు కొనుక్కున్న మనిషి గోడకు వేలాడదీసుకోవాలనుకునేది తాను వదిలి వచ్చిన ఊరినే గానీ, తన అపార్టుమెంటు కట్టి తట్ట సర్దుకుని పోయిన మనిషిని కాదు.

భారతీయ ఆధునిక శిల్పానికి మొదటి మెట్టుగా చాలామంది చెప్పుకునే కృతి మాత్రం కదిలిపోతున్న కూలి కుటుంబమే. 1938లో శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ నిలబెట్టిన సంతాల్ కుటుంబంలో తండ్రి భుజాన కావడి, కావడి బుట్టలో పిల్ల, పక్కన తల్లి, వెంట కుక్క. ఇల్లంతా భుజానికెత్తుకుని నడుస్తుంటారు. కంచు పోత పోయడానికి డబ్బు లేని రామ్‌కింకర్ సిమెంటులో అక్కడి ఎర్ర కంకర కలిపి ఆ బొమ్మను చేశాడు. ఏ సామగ్రితో కూలీలు ఊళ్లు కడతారో ఆ సామగ్రితోనే వాళ్ల విగ్రహం కట్టడం, దాన్ని గది లోపల కాకుండా దారి పక్కన పెట్టడం, రెండూ కలిసి దానికి బలాన్నిచ్చాయి. అక్కడ కూడా చీటీలో ఉన్నది తెగ పేరే, మనుషుల పేరు కాదు.

నల్లగొండ వైపు వలసలో మగ్గం ఉంది. పోచంపల్లి ఇక్కత్తుకు భౌగోళిక గుర్తింపు దొరికింది గానీ, ఆ జిల్లా నేతగాళ్లు ఎందరో షోలాపూర్, భివండీ, సూరత్ మరమగ్గాల దారి పట్టారు. బట్టకు ఊరిపేరు దక్కి మనిషికి దక్కకపోవడం ఇంకొక రకం చీటీ కథ. కదిరేనిగూడెం నేత కుటుంబం నుంచి వచ్చి తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని రూపొందించిన ఏలె లక్ష్మణ్, ఆ జిల్లా మనుషుల ముఖాలను పెద్ద కాన్వాసుల మీదికి తెచ్చారు. వాళ్లు పటాల్లోని పల్లె అందగత్తెలు కారు, ఎవరో ఒక ఇంట్లో కూర్చున్న ఫలానా మనుషుల్లా ఉంటారు.

వస్తువులకు దక్కిన శ్రద్ధ మనుషులకు దక్కకపోవడం కృష్ణ ఒడ్డున ఇంకా స్పష్టంగా కనబడుతుంది. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద గ్రామాలు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. సోమశిల గుళ్లనూ అలాగే కాపాడారు. పురావస్తు శాఖ పద్ధతి ప్రకారం ఏ రాయి ఏ వరుసలో ఎక్కడ ఉండేదో గుర్తు పెట్టుకుంటేనే గుడి మళ్లీ గుడి అవుతుంది. అది మెచ్చుకోదగ్గ పని, నేను కాదనను. ఊళ్ల విషయంలో ఆ జాగ్రత్త లేదు. 1981లో ఖాళీ చేయించినప్పుడు ఏ వాడ పక్కన ఏ వాడ ఉండేదో, ఎవరి ఇంటి ఎదురుగా ఎవరుండేవారో రాసిపెట్టిన జాడ కనబడదు. మునిగిన ఊళ్ల వీధిపటాలను అప్పటి పెద్దలు బతికి ఉండగానే వాళ్ల నోటి నుంచి విని గీయించడం ఏ కళా సంస్థ అయినా చేపట్టదగ్గ పని.

అలాంటి పని తెల్ల గోడల మధ్యే ఉండనక్కరలేదు. పాత్రికేయుడు పి. సాయినాథ్ పల్లె స్త్రీల శ్రమ మీద తీసిన ఫొటోల ప్రదర్శన గ్యాలరీలకు పరిమితం కాకుండా బస్టాండ్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, కూలీల సభల్లో తిరిగింది. 2020 లాక్‌డౌన్‌లో కూలీలు రోడ్ల మీద నడిచి వెళ్లిన ఏడాది, కోల్‌కతా బరిషా క్లబ్ పూజా పందిరిలో శిల్పి పల్లబ్ భౌమిక్ దుర్గను చంకలో బిడ్డతో నడిచే వలస తల్లిగా మలిచాడు. టిక్కెట్టూ లేదు, గోడరాతా లేదు, జనం తమంతట తామే అర్థం చేసుకున్నారు. మహబూబ్‌నగర్‌లో అటువంటి ప్రదర్శనకు చోటు వెతకాలంటే పిల్లలమర్రి దగ్గరి జిల్లా మ్యూజియం ఉంది, అంతకంటే ఆర్టీసీ బస్టాండు ఉంది. బస్టాండులో పెడితే తప్పు రాసిన ఊరిపేరును అక్కడికక్కడే దిద్దేవాళ్లు ఉంటారు, ఫొటోలోని మనిషి ఫలానావాళ్ల మేనమామ అని చెప్పేవాళ్లు ఉంటారు. క్యూరేటర్ చేయవలసిన సగం పని అలా ప్రేక్షకులే చేసిపెడతారు. ఫొటో అమ్ముడైతే వచ్చిన డబ్బులో బొమ్మలోని మనిషికి ఎంత అన్న ప్రశ్న కూడా అక్కడే లేస్తుంది, దానికి సమాధానం ముందే కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది.

తేదీల సంగతి కూడా ఆలోచించాలి. మన దేశంలో కళా ప్రదర్శనల కాలం చలికాలం: కొచ్చి బియెనాలే డిసెంబరులో మొదలై మార్చి దాకా నడుస్తుంది, ఢిల్లీ ఆర్ట్ ఫెయిర్ జనవరి చివరలోనో ఫిబ్రవరిలోనో జరుగుతుంది, హైదరాబాదు గ్యాలరీల సందడి కూడా అప్పుడే. వానాకాలం పంట ఇంటికి చేరాక పాలమూరు పల్లెలు, తండాలు ఖాళీ అయ్యేది సరిగ్గా ఆ నెలల్లోనే. అందువల్ల వలస మీద ప్రదర్శనను వలసవెళ్లినవారు చూడాలంటే ఉగాదికి వాళ్లు తిరిగి వచ్చాక మొదలుపెట్టి, వానలు పడి నాట్లు మొదలయ్యేదాకా ఉంచాలి. నాట్లకు ఈ మధ్య తెలంగాణ పొలాల్లోకి బీహారు, బెంగాలు నుంచి గుంపులు దిగుతున్నాయి గనుక, చీటీలు తెలుగుతోబాటు హిందీలో, బెంగాలీలో కూడా రాయించుకోవాల్సి ఉంటుంది.